షోరూమ్ గేటులో నాన్న రాయి

నాన్న సమాధి మీద రాయి పెట్టించడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ రాయి చెక్కడానికి పట్టింది మాత్రం ఒకటిన్నర రోజు. మిగతా కాలమంతా నేను పెట్టిన మెసేజ్‌కి ఎవరైనా ఒక్క ముక్క జవాబిస్తారేమో అని ఫోను చూసుకుంటూ గడిపాను. ఈ సంగతి ఎవరితో చెప్పినా, "పోనీలే, చివరికి పని అయింది కదా" అంటారు. పని అయింది. ఎలా అయిందో చెప్తాను.

పూండి స్టేషన్‌లో దిగి సముద్రం వైపు ఆటో ఎక్కితే వస్తుంది మా ఊరు. జీడితోటలు, కొబ్బరి చెట్లు, ఎటు చూసినా ఇసుక. మా సంఘం సమాధుల తోట కూడా ఇసుకలోనే ఉంది. అక్కడ చాలామందికి చెక్క సిలువలే. ఉప్పుగాలికి రెండేళ్ళలో రంగు పొలుసులుగా లేస్తుంది, అడుగున చెద పడుతుంది, ఏదో ఒక వానాకాలంలో సిలువ పక్కకి ఒరిగిపోతుంది. ఆ తర్వాత అక్కడ ఎవరున్నారో ఇంటివాళ్ళు వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియదు.

నాన్న టెక్కలి దగ్గర నీలి గ్రానైట్ గనిలో డ్రిల్లు పట్టేవాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆ పనిలో ఉన్నాడు, ఊపిరి అందక మానేసేదాకా అదే పనిలో ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి కనురెప్పలు తెల్లగా ఉండేవి. డ్రిల్లు మోతకి ఎడమ చెవి పోయింది. నాతో మాట్లాడాలంటే కుడి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మేము బస్సులో వెళ్తున్నప్పుడు హైవే మీద పెద్ద రాతి బ్లాకుతో లారీ కనిపిస్తే కిటికీలోంచి చూపించి, "అది నాను కోసిందే" అనేవాడు. ఏ లారీ కనిపించినా అంతే. అన్నీ ఆయన కోసినవి కావని నాకు తెలుసు. చివరి మూడేళ్ళూ పడుకుంటే దమ్ము వచ్చేది. దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. అలా కూర్చునే పోయాడు.

ఏడు నెలలు గడిచాక అమ్మ ఒకరోజు సమాధుల తోట నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుంది. నాన్న సిలువ అప్పుడే వంగుతోంది.

"మీ నాయినకి సెక్క సిలవొద్దే," అంది. "ఆ కొండ రాయే పెట్టాల. ఊరూరికీ పంపినాడు కదేటి. తనకొక ముక్క రాదేటి?"

అమ్మ ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక నాటికి రాయి పెట్టిద్దామని చెప్పాను. ఐదు నెలల టైము ఉంది. అంత టైము ఎందుకని కూడా అనుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా కోపం దొంగ కోపం అవుతుంది. నేను పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో చేస్తాను. బిల్లులు కొట్టడం, లారీలకి కాగితాలు రాయడం, ఆఫీసు ఫోను చూడడం నా పని. చేరిన మొదటి రోజే షావుకారు గారు ఆ ఫోను నా చేతిలో పెట్టి నేర్పాడు. డబ్బాల లెక్కన అడిగితే వెంటనే జవాబివ్వాలి. కిలో, అరకిలో అడిగితే వదిలెయ్యాలి.

"లేదని చెప్పమంటారా?" అని అడిగాను.

"లేదంటే ఎందుకు లేదంటాడు. తర్వాత ఎప్పుడిస్తారంటాడు. ఊరుకుంటే ఆడే పోతాడు," అన్నాడు.

నాలుగేళ్ళు అలాగే చేశాను. బాగా చేశాను కూడా. ఒకావిడ రాయలసీమ వైపు నుంచి మెసేజ్ పెట్టింది. కూతురికి ఏడో నెల, పలాస గుండు పప్పు కిలో కావాలి, కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుంటాం అని. మర్నాడు "అమ్మా, ఉన్నారా?" అని పెట్టింది. ఆ మర్నాడు "మీకు పని ఎక్కువున్నట్టుంది, తీరిక చూసుకుని చెప్పండి." ఆరో రోజు "పర్వాలేదండి." నేను టిఫిన్ తింటూ అది చదివి, పక్క సీటు అమ్మాయికి చూపించి నవ్వాను. జవాబే ఇవ్వనివాళ్ళకి పర్వాలేదని చెప్పే మనిషిని చూస్తే నాకు ఆ రోజు నవ్వొచ్చింది. అదీ నేను.

రాయి కోసం మూడు చోట్లకి మెసేజ్ పెట్టాను. మూడూ టెక్కలి చుట్టుపక్కలవే. మొదటిది అసలు చూడలేదు. రెండో చోటు నుంచి క్షణంలో జవాబు వచ్చింది. మీ సందేశం మాకు ఎంతో విలువైనది, మా ప్రతినిధి కొద్దిసేపట్లో మిమ్మల్ని సంప్రదిస్తారు అని. నేను సంతోషపడ్డాను. మర్నాడు ఇంకో ప్రశ్న పెడితే అవే మాటలు, అక్షరం తేడా లేకుండా మళ్ళీ వచ్చాయి. మనిషి లేని ఇంట్లో చిలకతో మాట్లాడినట్టయింది.

మూడోది హైవే పక్కన ఉన్న పెద్ద షోరూమ్. పేరు రాయను. నాన్న పని చేసిన గని రాయి అక్కడికే వెళ్ళేదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే వాళ్ళకి శ్రద్ధగా రాశాను. "నమస్కారమండి. సమాధికి పెట్టే రాయి కావాలి. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. నీలి రాయి. పేరూ, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ తెలుగులో చెక్కాలి. ధర చెప్పగలరు." పది నిమిషాల్లో రెండు గీతలూ నీలంగా మారాయి. అంటే ఎవరో చదివారు. అంతే.

వారం ఆగి మళ్ళీ పెట్టాను. చదివారు. ఇంకో వారానికి పెట్టాను. చదివారు. ఆ నంబరు దాచుకున్నాను కాబట్టి వాళ్ళ స్టేటస్‌లు నాకు కనిపించేవి. పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం. మధ్యాహ్నం కంటైనర్‌లోకి పలకలు ఎక్కిస్తున్న ఫోటో. ఒకరోజు కస్టమరే మా దేవుడు అని పెట్టారు. ఆ వారమంతా నా మెసేజ్ ఆ ఫోన్లోనే ఉంది. దేవుడికి ధర చెప్పడానికి తీరిక దొరకలేదు.

ఫోను చేశాను. ఒక మగ గొంతు చాలా మర్యాదగా మాట్లాడింది.

"సైజూ, పేరూ వాట్సాప్ చెయ్యండి మేడమ్. రేటు పంపిస్తాం."

"చేశానండి. మూడుసార్లు చేశాను."

"మళ్ళీ ఒకసారి చెయ్యండి మేడమ్. పైకి వస్తుంది."

చేశాను. పైకి వచ్చే ఉంటుంది. రెండు గీతలూ మళ్ళీ నీలమయ్యాయి.

ఒక్కసారి లేదని చెప్తే నేను ఒడిశా వైపు వెళ్ళి అడిగేదాన్ని, లేకపోతే సిమెంటుతో కట్టించేదాన్ని. వాళ్ళు లేదనలేదు. చదివినట్టు చూపించి, నన్ను అక్కడే నిలబెట్టారు. ఇంటికి వెళ్తే అమ్మ రోజూ అదే అడిగేది.

"ఆళ్ళేటన్నారే?"

"ఇంకా ఏమీ అనలేదమ్మా."

"సూసినారా?"

"చూశారు."

"సూసి ఊరుకున్నారా?" అనేది అమ్మ. ఆమెకి అది అర్థమయ్యేది కాదు. ఎదుటి మనిషి పిలిస్తే పలకకుండా ఉండడం అమ్మకి తెలిసిన ఏ పగలోనూ లేదు. మా ఊళ్ళో మాటల్లేని ఇళ్ళు కూడా గుమ్మంలోకొచ్చి పిలిస్తే "ఎవులూ?" అని అడుగుతాయి.

ఆ రోజుల్లోనే ఆఫీసు ఫోన్లో వెనక్కి వెళ్ళి పాత మెసేజ్‌లు చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల టైములో కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు రాశాను. మేము చిల్లరగా అమ్మము, పలాస బజారులో ఫలానా వీధిలో చిన్న దుకాణాలున్నాయి, వాళ్ళు కొరియర్ చేస్తారు, క్షమించండి. రాయలసీమ ఆవిడకి కూడా రాశాను. అప్పటికి ఏడాది దాటింది. "మనవరాలు పుట్టిందమ్మా, ఇప్పుడు పాకుతోంది. గుర్తు పెట్టుకుని చెప్పినందుకు సంతోషం," అని ఆవిడ జవాబిచ్చింది.

నాలుగో రోజు షావుకారు గారికి తెలిసింది. జవాబు వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు నేరుగా ఆయనకే ఫోను చేశారట.

"అమ్మాయ్, నిన్ను ధర్మసత్రం పెట్టమన్నానా?" అన్నాడు.

"లేదు అని చెప్తున్నానండి. అంతే."

"అది నీ పని కాదు."

"చదివి ఊరుకోవడం నా పనా?"

"అవును. దానికే జీతం," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఫోను తీసుకుని పక్క సీటు అమ్మాయికి ఇచ్చాడు. నన్ను కింద పప్పు ఏరే బల్లల దగ్గర బస్తాల లెక్క రాయడానికి పంపాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ గదిలో జీడి తొక్క వాసన జుట్టుకి పట్టి వదలదు. అయినా ఆ ఫోను కంటే అదే నయం.

కూడిక ఇంకా ఏడు వారాలుందనగా సెలవు పెట్టి, పలాసలో బస్సెక్కి టెక్కలి వైపు వెళ్ళాను. షోరూమ్ లోపల చల్లగా ఉంది. గోడలకి పలకలు ఆనించి ఉన్నాయి. అద్దంలా మెరుస్తున్నాయి. బల్ల వెనక మేనేజరు కూర్చున్నాడు. గొంతు వినగానే ఫోన్లో మాట్లాడింది ఇతనే అని తెలిసింది.

"మెసేజ్ పెట్టారా మేడమ్?" అన్నాడు ముందు.

నంబరు చెప్పాను. ఫోను తీసి వేలితో పైకి తోశాడు. నా మెసేజ్‌లు మొత్తం ఐదు, వరసగా కనిపించాయి. ఐదో దాంట్లో నేను దయచేసి అని రెండుసార్లు రాశాను. అతని ముందు అది చూసి నాకు సిగ్గేసింది.

"ఓ, ఇవి మీవేనా. చూశాం మేడమ్," అన్నాడు. "సింగిల్ పీస్ కదా. పెద్ద ఆర్డర్ల మధ్య ఇలాంటివి అలా ఉండిపోతాయి."

"చెయ్యం అని చెప్పొచ్చు కదండీ."

"చెయ్యం అని కాదు మేడమ్. చేస్తాం."

వాళ్ళు చెప్పిన ధరకి ఒప్పుకున్నాను. కాగితం అడిగి నాన్న పేరూ ఇంటిపేరూ పెద్ద అక్షరాలతో రాశాను. మా ఇంటిపేరులో ఒక ఒత్తు ఉంది. అది పడిపోతే వేరే ఇంటిపేరు అవుతుంది. హరిశ్చంద్రపురం వైపు ఆ ఇంటిపేరు వాళ్ళున్నారు, మాకూ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు. అందుకని ఒత్తు కింద రెండు గీతలు గీసి చూపించాను.

"చెక్కే ముందు అక్షరాలు ఒకసారి ఫోటో తీసి పంపండి. నేను చూసి సరే అన్నాకే చెక్కండి," అన్నాను.

"తప్పకుండా మేడమ్. వాట్సాప్‌లో టచ్‌లో ఉండండి."

ఉన్నాను. వారానికి ఒకసారి అడిగాను, ఆ తర్వాత రెండుసార్లు. అక్షరాలు తయారయ్యాయా, ఫోటో పంపగలరా, కూడిక దగ్గరపడుతోంది. అన్నీ చదివారు. ఒక్కదానికీ జవాబు లేదు. ఫోను చేస్తే "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అనేవాడు. కొన్నాళ్ళకి ఎత్తడం మానేశాడు.

కూడికకి పది రోజులుందనగా, చెప్పా పెట్టకుండా ఒక వ్యాను మా చర్చి గేటు దగ్గర రాయిని దించి వెళ్ళిపోయింది. నేను పలాస నుంచి వచ్చేసరికి అమ్మ దాని పక్కనే ఇసుకలో కూర్చుని ఉంది. అమ్మకి చదువు రాదు. చెక్కిన అక్షరాల మీద వేలితో ఒక్కొక్క గీతా తడుముతోంది. ముఖం వెలిగిపోతోంది.

"ఎంత నున్నగుందో సూడే. సరిగ్గా రాసినారా?"

నేను చూశాను. ఒత్తు లేదు.

చెప్పకుండా ఉండొచ్చు. అమ్మకి తెలిసే దారి లేదు. కానీ ఆదివారం సంఘమంతా చదువుతుంది. ఎవరో ఒకరు అడుగుతారు. నేను పక్కన కూర్చుని చెప్పాను. ఇంటిపేరు మనది కాదమ్మా, ఇంకెవరిదో అయింది అని. అమ్మ వేలు ఆగిపోయింది.

"అయితే ఈ రాయి పెడితే ఆడ పడుకున్నోడు ఎవులవుతాడే?" అంది.

ఫోటో తీసి షోరూమ్‌కి పంపాను. తప్పు ఎక్కడుందో ఎర్ర గీత గీసి పంపాను. సరైన పేరు మళ్ళీ రాసి పంపాను. రెండు నీలి గీతలు. మర్నాడు, ఆ మర్నాడు, నాలుగో రోజు. ఆ నాలుగు రోజుల్లో వాళ్ళు స్టేటస్‌లో వంటగది పలకలు పెట్టారు, ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టారు. నాకు అప్పటిదాకా ఉన్నది విసుగు. ఆ నాలుగు రోజుల్లో అది ద్వేషం అయింది. మెత్తగా చెప్పడానికి నేను ప్రయత్నించను. పలకల మధ్య చల్లగా కూర్చుని, నా మాట చదివి, ఫోను బోర్లా పెట్టే ఆ చెయ్యిని నేను ద్వేషించాను. నాలుగేళ్ళు నాదీ అలాంటి చెయ్యే కాబట్టి అది ఎంత తేలికగా బోర్లా పెడుతుందో నాకు తెలుసు.

మా బావకి ట్రాలీ ఆటో ఉంది. భావనపాడులో చేపలు ఎక్కించి ఊళ్ళలో వేస్తాడు. అతన్ని అడిగాను.

"రాయిని మళ్ళీ టెక్కలి తీసుకుపోవాలి బావా."

"తీసుకుపోయి ఏటి సేత్తావు?"

"ఆళ్ళ గేటులో పెడతాను."

"రేపు పొద్దుట సేపలు దించేసి వత్తాను. నలుగురుంటే కానీ అది లెగదు. మావోళ్ళని తెత్తాను," అన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి షోరూమ్ గేటు దగ్గర ఆటో ఆపాం. చేపల నీళ్ళు ఇంకా ట్రాలీలో కారుతున్నాయి. బావ, అతని స్నేహితులు ముగ్గురు కలిసి రాయిని దించి, గేటు మధ్యలో అక్షరాలు పైకి కనిపించేలా పడుకోబెట్టారు. మూడడుగుల పలక అంత పెద్ద గేటుని మూసెయ్యలేదు. కానీ లోపల పలకలు ఎక్కించుకుని బయటికి రావడానికి ఒక లారీ సిద్ధంగా ఉంది. రాయి మీంచి తప్ప దానికి దారి లేదు.

మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏంటి మేడమ్ ఇది. ఇది పద్ధతి కాదు. ఏదైనా ఉంటే మెసేజ్ పెట్టొచ్చు కదా," అన్నాడు.

నా ఫోను తెరిచి అతని ముఖానికి దగ్గరగా పట్టుకున్నాను. "పద్నాలుగు పెట్టాను. చదువు. ఒక్కొక్కటీ పైకి చదువు. అందరూ వింటారు."

అతను చదవలేదు. లారీ డ్రైవరుకి చెయ్యి ఊపి, మీంచే పోనిమ్మన్నాడు. ఆ డ్రైవరు కిందికి దిగి వచ్చి రాయి ముందు వంగి చూశాడు. పేరూ తేదీలూ పెదవులు కదుపుతూ చదువుకున్నాడు.

"ఇది సమాధి రాయి కదండీ. పేరున్న రాయి మీంచి బండి ఎక్కించను," అని చెప్పి నీడలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మేనేజరు యార్డులోంచి రాళ్ళు మోసేవాళ్ళని పిలిచాడు. నలుగురు వచ్చారు. వాళ్ళలో తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన ఉన్నాడు. నన్ను అడిగాడు.

"ఎవుల్దమ్మీ రాయి?"

నాన్న పేరు చెప్పాను. గని పేరు చెప్పాను.

"డ్రిల్లు కాడ సేసేవోడా? పొడుగ్గా, ఎడం సెవి ఇనబడదు?"

"అవును చిన్నాన్నా."

ఆయన గొంతుక్కూర్చుని రాయి మీద దుమ్ము తుండుతో తుడిచాడు. "ఇంటిపేరు ఇది కాదే," అన్నాడు.

"కాదు. అందుకే తెచ్చాను."

మేనేజరు పైనుంచి తొందర పెట్టాడు. ముసలాయన లేవలేదు. తల ఎత్తి నెమ్మదిగా చెప్పాడు.

"తప్పు రాసింది మీరు బాబూ. ఆ పిల్ల సెప్పినట్టు ముందు రాయండి. అప్పుడు ఎత్తుతాం."

మిగతా ముగ్గురూ చేతులకున్న గ్లౌజులు తీసేశారు. నేను వెళ్ళి రాయి పక్కన, ముసలాయనకి ఎదురుగా కూర్చున్నాను.

పదకొండింటికి యజమాని కారు వచ్చింది. అదీ బయటే ఆగాల్సి వచ్చింది. తెల్లచొక్కా మనిషి దిగి రాయినీ, నన్నూ, చేపల ఆటోనీ చూశాడు.

"ఇంత చిన్న విషయానికి ఇంత గొడవేంటమ్మా?"

"చిన్న విషయమేనండి. అందుకే ఇన్నాళ్ళూ మీరు జవాబివ్వలేదు."

"మా స్టాఫ్ బిజీగా ఉంటారు."

"చదవడానికి తీరికుంది. ఉందనో, లేదనో, చెయ్యం అనో ఒక్క మాట రాయడానికి లేదు. మా నాన్న కోసిన రాయి అమ్ముకుని మీరు ఈ షోరూమ్ కట్టారు. ఆయన పేరు సరిగ్గా రాయడానికి మీకు చెయ్యి రాలేదు."

ఆ మాట నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆయన ముఖం ఎర్రబడింది. కానీ హైవే మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు, ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు. దానికి భయపడ్డాడు. నా మాటకి కాదు. అది నాకు బాగా తెలుసు.

"ఆ అక్షరం కింద ఒత్తు ఇరికించి ఇచ్చెయ్యండి," అన్నాడు మేనేజరుతో.

"ఇరికించినట్టే కనబడుద్ది బాబూ," అన్నాడు ముసలాయన. "కొత్తది సెయ్యాల."

యజమాని చేత్తో సరే అన్నట్టు సైగ చేసి లోపలికి వెళ్ళిపోయాడు. మూడు రోజుల్లో అవుతుంది, అవగానే మెసేజ్ పెడతాం అన్నాడు మేనేజరు. నేను ఇక్కడే కూర్చుంటాను అన్నాను. చెక్కి బండి ఎక్కించేదాకా పాత రాయి గేటులోంచి కదలదని కూడా చెప్పాను. లారీకి వెనక గోడ దగ్గర రాళ్ళు తీసి దారి చేసుకున్నారు.

ముసలాయన యార్డులో పలకల మీద నీళ్ళు చల్లి, తడిలో రంగు చూసి, ఒకటి ఎంచాడు. "ఇది మీ నాయిన దిగిన గనిదే," అన్నాడు. లోపల కంప్యూటరు దగ్గర అక్షరాలు తయారుచేసే అతని వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేను రాసిచ్చిన కాగితం ఏదని అడిగితే అతను తెల్లబోయాడు. అతనికి ఎవరో ఫోన్లో పేరు చెప్పారట, విన్నట్టు కొట్టాడట.

"మీ మెసేజ్‌లు నాకెవరూ చూపించలేదండి. చూస్తే అలా ఎందుకు కొడతాను?" అన్నాడు.

నిజమే చెప్పాడని నమ్మాను. తెర మీద ఒత్తు కనిపించేదాకా అతన్ని లేవనివ్వలేదు. సాయంత్రానికి అక్షరాల అచ్చు అయింది. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నానికి చెక్కడం అయిపోయింది. బావ ఆటోలో కొత్త రాయి ఎక్కించాక, ముసలాయన పాత రాయి దగ్గర కూర్చుని మిషనుతో దాని మీది పేరు అరగదీసేశాడు. "పేరుండగా పక్కన పడెయ్యకూడదు," అన్నాడు. నేను ఆ దుమ్ములో నిలబడి చూశాను. ఆయన ముక్కుకి తుండు కట్టుకోలేదు. కట్టుకోమని చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత కూడిక జరిగింది. రాయి నిలబెట్టి అడుగున సిమెంటు పోశాం. అమ్మ ఈసారి తడమకుండా ముందు నన్నే అడిగింది, అంతా ఉందా అని. ఉందన్నాను. అప్పుడు వెళ్ళి చెయ్యి వేసింది. మా ఊరివాళ్ళు గేటు సంగతి అప్పటికే వినేశారు. పాస్టరు గారు కూడా విన్నారు. ప్రార్థనకి ముందు నన్ను పక్కకి పిలిచారు. మంచి మనిషి ఆయన.

"మనసులో కోపం పెట్టుకుని సమాధి దగ్గర నిలబడకూడదమ్మా. ఆ షోరూమ్ వాళ్ళని కూడా ఈ రోజు ప్రార్థనలో తలుచుకుందామా?"

"మీరు తలుచుకోండి అయ్యగారు. నేను తలుచుకోను."

"క్షమించలేవా?"

"వాళ్ళు అడగలేదండి," అన్నాను. "అడిగితే అప్పుడు ఆలోచిస్తాను."

అమ్మ వెనకాలే నిలబడి వింటోందని నాకు తెలియదు. కొంగు తల మీదికి లాక్కుని, "నానూ తలుసుకోనయ్యా," అంది.

పాస్టరు గారు ఇద్దరినీ చూసి బైబిలు తెరిచారు. సముద్రం గాలికి పుస్తకం కాగితాలు ఎగురుతుంటే బొటనవేలితో నొక్కిపట్టి, రాయి ముందుకి వెళ్ళి, నాన్న పేరు ఇంటిపేరుతో సహా పైకి చదివి ప్రార్థన మొదలుపెట్టారు.